చేతి ఒడుపుపై కెమెరా చూపు

రొట్టె తట్టే అరచేయి, పువ్వు గుంజే వేళ్లు, బస్సులో పైకి లేచే ఆధార్‌ కార్డు... చేవెళ్ల, మొయినాబాద్‌ దారిలో ఒక మనిషి రోజువారీ కదలికలతోనే లఘుచిత్రం తీయాలంటే ప్రణాళిక ఎలా ఉండాలి?

శని, ఆదివారాల్లో చిలుకూరు బాలాజీ ఆలయంలో ప్రదక్షిణలు చేసే జనంలో ముఖాలను వదిలేసి చేతులను మాత్రమే గమనిస్తే, భక్తి కన్నా ముందు కంటబడేది లెక్క. ఎడమచేతిలో 1 నుంచి 108 దాకా అంకెలు అచ్చయిన చిన్న కార్డు, కుడిచేతిలో పెన్ను, పెదవులపై గోవింద నామం. ఒక చుట్టు పూర్తయ్యే చోటికి రాగానే నడక వేగం తగ్గకుండానే ఎడమ బొటనవేలు కార్డును అరచేతికి అదిమిపెడుతుంది, పెన్ను ఒక అంకెను కొట్టేస్తుంది, కార్డు మళ్లీ గుప్పిట్లోకి వెళ్లిపోతుంది. చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి కార్డును బిడ్డ వీపుకు ఆనించి గీత గీస్తుంది, చత్వారం వచ్చిన పెద్దాయన దాన్ని చేయి బారునా దూరంగా పట్టి అంకెను వెతుక్కుంటాడు, పెన్ను మరచి వచ్చిన కుర్రాడు గోటితో కాగితం అంచును చించి గుర్తు పెట్టుకుంటాడు. ఎవరూ ఎవరికీ నేర్పని ఈ పని నాలుగైదు చుట్లు తిరిగేసరికి చేతికి దానంతటదే పట్టుబడుతుంది.

తొలిసారి వచ్చినవారు 11 ప్రదక్షిణలు చేసి కోరిక చెప్పుకోవడం, అది నెరవేరాక తిరిగి వచ్చి 108 పూర్తి చేయడం ఇక్కడి ఆనవాయితీ. హుండీ లేని ఈ గుడికి విదేశీ చదువుల కోసం, ఉద్యోగాల కోసం ఎదురుచూసే యువత రాకతో ‘వీసా బాలాజీ’ అన్న పేరు స్థిరపడింది. ఆ పేరు చుట్టూ పత్రికల్లో, టీవీల్లో వచ్చిన కథనాలకు లెక్క లేదు గాని, కార్డుపై గీత గీసే ఆ అరక్షణపు పనిని ప్రధాన విషయంగా తీసుకున్న చిత్రీకరణ అరుదు. ఒక మనిషి రోజంతా తనకు తెలియకుండానే చేసే ఇటువంటి చిన్న కదలికలను ఏరి, వాటితోనే పది నిమిషాల లఘుచిత్రం కట్టాలనుకునేవారికి ఈ గుడి ఉన్న మొయినాబాద్‌, పక్కనే ఉన్న చేవెళ్ల మండలాలు ఇప్పుడు అనువైన చోటు. అక్కడి పనులూ, ఆ పనులు జరిగే స్థలాలూ ఒకేసారి మారుతున్నాయన్నదే అందుకు కారణం.

రోడ్డు వెడల్పవుతున్న వేళ

హైదరాబాద్‌ నుంచి బీజాపూర్‌ వైపు వెళ్లే 163వ జాతీయ రహదారిలో, అప్పా కూడలి నుంచి మొయినాబాద్‌, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్ల దూరాన్ని నాలుగు వరుసలుగా విస్తరించాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి చర్చలో నలిగింది. ఈ దారికి ఇరువైపులా దాదాపు 900 మర్రిచెట్లు ఉన్నందున వాటిని నరకవద్దని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రైబ్యునల్‌ను ఆశ్రయించగా, ఇరుకు రోడ్డుపై ప్రమాదాలతో విసిగిన ఊళ్లవారు విస్తరణ ఇంకెన్నాళ్లని నిలదీశారు. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్‌ తాండూరు ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయాక ఈ రోడ్డు మాట రాష్ట్రమంతా వినబడింది. చెట్టా, రోడ్డా అన్న తగువు తీర్చడం ఇక్కడ ఉద్దేశం కాదు. అయితే ఆ తగువులో ఎవరూ లెక్కలోకి తీసుకోని విషయం ఒకటుంది. మర్రినీడను నమ్ముకుని కూర్చునేవారి పనితీరు నీడతోపాటు జరుగుతుంది: ఎండ వాలేకొద్దీ తట్టను కాలితో నెట్టుకోవడం, ఆకుకూర కట్టలపై గోనెసంచి తడిపి కప్పడం, వానాకాలంలో మొక్కజొన్న పొత్తులను నిప్పులపై ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో విసనకర్ర ఆడించడం. నాలుగు వరుసల రోడ్డు పక్కన రేపు ఆ దుకాణం ఉంటుందేమో గాని, ఆ కూర్చునే తీరు ఉండకపోవచ్చు.

ఈ నేలను మార్చిన మరో సంగతి జలాశయాలది. 1908 నాటి మూసీ వరద తర్వాత నగర రక్షణకూ తాగునీటికీ కట్టిన ఉస్మాన్‌సాగర్‌ 1920లో, హిమాయత్‌సాగర్‌ 1927లో పూర్తయ్యాయి. వాటిలోకి నీరు చేరే ప్రాంతం కలుషితం కాకుండా 1996 మార్చి 8న వెలువడిన 111వ నంబరు ఉత్తర్వు, జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. మొయినాబాద్‌ మండలం ఇందులో ప్రధాన భాగం. నగరం గడపదాకా వచ్చినా ఇక్కడ బంతి, చామంతి, గులాబీ, టమాట, క్యారెట్‌ మడులు మిగలడానికి ఈ ఆంక్షలు ఒక కారణం; తోటల మధ్య ప్రహరీలు కట్టుకున్న ఫాంహౌస్‌లు పుట్టుకురావడం దాని రెండో ముఖం. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69వ ఉత్తర్వుతో ఆ ఆంక్షలను సడలించాక భూమి ధరల మాట తప్ప మరో మాట వినబడని పరిస్థితి వచ్చింది. ఒకప్పుడు పారతో మడికి మడి నీళ్లు మళ్లించిన చేయి అదే పొలంలో లేచిన గేటును తోసి కారుకు దారి ఇవ్వడం, ఈ ప్రాంతపు గత పాతికేళ్ల చరిత్రను రెండు కదలికల్లో చెబుతుంది.

చేవెళ్ల అనగానే తెలుగువారికి మరో చేయి గుర్తుకు వస్తుంది. 2003 ఏప్రిల్‌ 9న వై.ఎస్‌. రాజశేఖరరెడ్డి ఇక్కడి నుంచే పాదయాత్ర మొదలుపెట్టారు. జనాన్ని చూసి చేయి ఊపే ఆయన పద్ధతిని ఇప్పటికీ మిమిక్రీ కళాకారులు అనుకరిస్తారు. నాయకుల కదలికలను భద్రపరచడానికి కెమెరాలు పోటీపడతాయి. ఆ రోజు రోడ్డు పక్కన నిలబడి చూసినవారి చేతులలో ఉన్న పనులను తీసినవారు ఎందరన్నది వేరే ప్రశ్న.

సినిమా పుట్టిందే ఇంటి పనితో

చిన్న కదలికలను తెరకెక్కించడం కొత్త ఆలోచన కాదు, సినిమాతోపాటే పుట్టిన ఆలోచన. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్‌ సోదరులు టికెట్టు పెట్టి ప్రదర్శించిన తొలి చిత్రాలలో ఒకటి, తల్లిదండ్రులు పసిపాపకు తినిపించే దృశ్యం. నిమిషమైనా లేని ఆ చిత్రంలో చెంచా నోటిదాకా వెళ్లడమే కథ. 1952లో విట్టోరియో డి సికా తీసిన ‘ఉంబెర్తో డి’లో పనిపిల్ల పొద్దున్నే లేచి వంటగదిలోకి వచ్చి, అగ్గిపుల్ల గీసి, గోడమీది చీమలపై నీళ్లు చల్లి, కాఫీగింజలు మర పడుతూ, కూర్చున్న చోటు నుంచే కాలు చాపి బొటనవేలితో తలుపు మూస్తుంది. ఆ కాలు చాపడంలో ఆమె అలసట, సోమరితనం, దిగులు అన్నీ ఉన్నాయని విమర్శకులు ఇప్పటికీ మెచ్చుకుంటారు.

బెల్జియం దర్శకురాలు షాంతల్‌ ఆకెర్మాన్‌ 1975లో తీసిన ‘జాన్‌ దిల్మన్‌’ ఈ దారిలో అన్నిటికన్నా దూరం వెళ్లింది. 201 నిమిషాల ఈ చిత్రంలో ఒక గృహిణి బంగాళాదుంపలు తొక్క తీయడం, పక్క సర్దడం, గిన్నెలు కడగడం దాదాపు ఆ పనులు పట్టేంత సేపూ చూపిస్తారు. మొదటి రోజంతా తప్పని లెక్కతో సాగిన ఆ చేతులు రెండో రోజు దుంపలను ఎక్కువసేపు ఉడికించేయడంతోనే ప్రేక్షకుడికి ఏదో జరగబోతోందని తెలుస్తుంది. 2022లో బ్రిటన్‌ పత్రిక ‘సైట్‌ అండ్‌ సౌండ్‌’ విమర్శకులు దీన్ని సార్వకాలిక ఉత్తమ చిత్రంగా ఎన్నుకున్నారు. 2023లో విమ్‌ వెండర్స్‌ తీసిన ‘పర్ఫెక్ట్‌ డేస్‌’ టోక్యోలో మరుగుదొడ్లు శుభ్రం చేసే వ్యక్తి రోజువారీ జీవితం; షిబుయా ప్రాంతంలోని కొత్త మరుగుదొడ్లపై లఘుచిత్రాలు తీయమని అడిగితే దర్శకుడు దాన్ని పూర్తి నిడివి కథగా మలచారు.

తెలుగులోనూ ఈ వరుసకు చెప్పుకోదగ్గ పునాది ఉంది. బి. నర్సింగరావు ‘మా ఊరు’ డాక్యుమెంటరీ తెలంగాణ పల్లె జీవనాన్ని పనుల ద్వారానే పరిచయం చేసింది. ఆయన 1988 నాటి ‘దాసి’లో గడీలోని దాసి పాత్ర కథను మాటల కన్నా ఆమె చేసే చాకిరీయే ఎక్కువగా చెబుతుంది. ఆ చిత్రానికి అర్చనకు ఉత్తమ నటి పురస్కారంతో సహా అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. 2019లో రాజ్‌ రాచకొండ దర్శకత్వంలో వచ్చిన ‘మల్లేశం’ అయితే ఒకే ఒక్క కదలిక మీద నిలిచిన కథ. చీరకు రంగులు అద్దేముందు నూలును అర్ధచంద్రాకారపు మేకుల చుట్టూ చేత్తో తిప్పుతూ పోయడాన్ని ఆసు పోయడం అంటారు. ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆ కదలికను యంత్రానికి అప్పగించిన చింతకింది మల్లేశంకు 2017లో పద్మశ్రీ లభించింది. ఒక కదలిక ఎంత బరువో తెలిసినవాడికే దాన్ని మాన్పించాలన్న తలంపు వస్తుంది. దాన్ని తెరపై చూపాలనుకునేవాడికీ ఆ బరువు తెలిసి ఉండాలి.

> నిడివి ఎంత?
> ఆస్కార్‌ నిబంధనల ప్రకారం పేర్లతో సహా 40 నిమిషాలకు మించని చిత్రమే లఘుచిత్రం. డచ్‌ దర్శకుడు బెర్ట్‌ హాన్‌స్ట్రా 1958లో తీసిన ‘గ్లాస్‌’లో వ్యాఖ్యానం ఒక్క ముక్క లేకుండా గాజు ఊదే పనివారి బుగ్గలు, వేళ్లు, వాటి పక్కనే సీసాలు తయారుచేసే యంత్రం కనిపిస్తాయి; పది నిమిషాలు దాటి కొద్దిసేపే ఉండే ఈ చిత్రానికి ఆస్కార్‌ వచ్చింది. ‘పర్ఫెక్ట్‌ డేస్‌’ చిత్రీకరణ 17 రోజుల్లో ముగిసింది. కదలికలను తీయడం ఖర్చుతో కూడిన పని కాదు, ముందస్తు పరిశీలనతో కూడిన పని అనడానికి ఈ రెండూ సాక్ష్యం.

ముందు పని తెలియాలి

చేతుల మీద వచ్చే లఘుచిత్రాలలో ఎక్కువభాగం చూడటానికి బాగుండి, చూశాక ఏమీ మిగల్చకపోవడానికి కారణం ఒకటే: తీసినవారికి ఆ కదలిక ఎలా ఉందో తెలుసు, ఎందుకలా ఉందో తెలియదు. కారణం తెలియని కెమెరా ముడతలు పడ్డ వేళ్ల దగ్గర, గాజుల దగ్గర, చెమట బొట్టు దగ్గర ఆగిపోతుంది. అందువల్ల ఇటువంటి చిత్రానికి మొదటి ప్రణాళిక దృశ్యాల పట్టిక కాజాలదు. పనిని అర్థం చేసుకునే నోటుపుస్తకం కావాలి. చేయి ఏం చేస్తోంది, ఎందుకు చేస్తోంది, చేయకపోతే ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నలకు ప్రతి కదలిక ఎదుటా జవాబు రాసుకున్నాకే కెమెరా అవసరం వస్తుంది.

చేవెళ్ల పల్లెల్లో ఇప్పటికీ రోజూ కనబడే జొన్నరొట్టె పనిని ఈ మూడు ప్రశ్నలతో చూస్తే దాని లోతు తెలుస్తుంది. గోధుమపిండిలో ఉండే జిగురు జొన్నపిండిలో లేదు కనుక చపాతీలా కర్రతో ఒత్తితే అది చిట్లిపోతుంది. అందుకే మరిగిన నీళ్లు పోసి, పిండిలోని గంజి పదార్థం కాస్త ఉడికి పట్టు వచ్చేలా చేస్తారు. చేయి కాలే వేడి కాబట్టి మొదట గరిటెతో కలిపి, ఆవిరి తగ్గీ తగ్గకముందే అరచేతి మడమతో మెదపడం మొదలవుతుంది. చల్లారేదాకా ఆగితే పిండి బిగుసుకుపోతుంది. ముద్దను పొడిపిండి చల్లిన పీటపై పెట్టి కుడి అరచేత్తో తడుతుంటే రొట్టె తనంతట తానే తిరుగుతున్నట్టు కనిపిస్తుంది గాని, నిజానికి ప్రతి దెబ్బా కొద్దిగా పక్కవాటుగా పడటమే దాన్ని తిప్పుతుంది. ఎడమచేయి ఖాళీగా లేదు. అది అంచును కాపు కాస్తూ పగులు కనిపించినచోట వేలి కొసతో మూస్తుంది. రొట్టె మందంగా ఉన్నంతసేపూ చప్పుడు మెత్తగా ఉండి, పలచబడ్డాక పీట చప్పుడు వినబడటంతో, పక్కింటివారితో మాట్లాడుతూ చూపు అటు తిప్పినా ఎప్పుడు ఆపాలో చెవి చెబుతుంది. ఆ తర్వాత రెండు చేతులపైకీ ఎత్తి పెంక మీద పరిచి, పైకి వచ్చిన పొడిపిండి వైపు తడిచేత్తో నీళ్లు పూస్తారు. అలా చేయకపోతే పైపొర ఎండి పగులుతుంది, పొడి మాడుతుంది. ఆ తడి పూర్తిగా ఆరడానికి ఒక్క క్షణం ముందు తిరగేయాలి. ఇంత తెలిసిన దర్శకుడు క్లోజప్‌, అంటే వస్తువును తెర నిండా చూపే దగ్గరి దృశ్యం, ఎక్కడ పెట్టాలో ఎవరినీ అడగనక్కరలేదు: అందరూ చూసే కుడిచేతిని వదిలి ఎడమచేతి వేలికొస దగ్గర పెడతాడు.

రెండో ఉదాహరణ పాలీహౌస్‌లది. ఇనుప గొట్టాల చట్రంపై పారదర్శకమైన ప్లాస్టిక్‌ పొర కప్పి లోపలి వేడి, తేమలను అదుపులో పెట్టే ఈ షెడ్లు మొయినాబాద్‌, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు రోడ్డు మీదికే కనిపిస్తాయి. 2014 తర్వాత తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన 75 శాతం రాయితీ వాటికి ఊపునిచ్చింది. వీటిలో పెరిగే జెర్బెరా పూలను కత్తిరించరు, గుంజుతారు. పని చేసే స్త్రీ వంగి, కాడ మొదట్లో రెండు వేళ్లూ బొటనవేలూ బిగించి, కాడను పక్కకు వాల్చి కొద్దిగా మెలిపెట్టి లాగితే అది మొదలంటా ఊడి వస్తుంది. కత్తెరతో కోస్తే మిగిలిన మోడు కుళ్లి, ఆ కుళ్లు మొక్క మొదలుకు పాకి కొత్త మొగ్గలను దెబ్బతీస్తుంది. నేరుగా పైకి లాగితే మొక్క కదిలి వేరు తెగే ప్రమాదం ఉంటుంది. అంటే ఆ పక్కకు వాల్చడంలోనే తోట యజమాని పెట్టుబడి అంతా ఉంది. పువ్వు మధ్యనున్న చక్రంలో బయటి రెండు మూడు వరుసలు విచ్చుకున్నాయా లేదా అని కన్ను ఒక్క చూపులో తేల్చుకోవడం, ఊడిన కాడ చివరను కోసి నీళ్ల బకెట్లో నిలబెట్టడం, రేకులు నలగకుండా పలచని ప్లాస్టిక్‌ తొడుగు ఎక్కించి పదేసి చొప్పున కట్ట కట్టడం తర్వాతి మెట్లు. తొడుగు ఎక్కించే వేళ్లు రేకులను తాకవు. తాకితే మచ్చ పడి పువ్వు ధర పడిపోతుంది.

ఒక మనిషి, ఒక రోజు

పరిశీలన పూర్తయ్యాక వచ్చే ప్రశ్న, ఎందరిని చూపాలన్నది. గుడిలో భక్తులు, తోటలో కూలీలు, రోడ్డు పక్కన అమ్మేవారు, బస్సులో కండక్టరు అందరినీ తలా ఒక నిమిషం చూపితే అది పర్యాటక ప్రచార చిత్రంలా తేలిపోతుంది. ఒకే మనిషిని పట్టుకుని తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా వెళ్లడం మేలు. ఉదాహరణకు, పొద్దున ఇంట్లో రొట్టెలు చేసి, బస్సెక్కి పాలీహౌస్‌కు వెళ్లి, సాయంత్రం తిరిగి వచ్చే ఒక స్త్రీని ఊహిస్తే, ఆమె రోజులో పనికివచ్చే కదలికలు డజనుకు తక్కువ ఉండవు; వాటిలో నాలుగైదు మాత్రమే చిత్రంలోకి రావాలి. ఒకే చేయి పొద్దున పిండిని గట్టిగా తట్టి, మధ్యాహ్నం రేకును తాకకుండా పువ్వును పట్టుకోవడం చూపితే చాలు, ఆ మనిషి శక్తి, ఓర్పు గురించి వ్యాఖ్యానం చెప్పనక్కరలేదు. కథ కావాలనుకునేవారికి నోటుపుస్తకంలోని మూడో ప్రశ్న దారి చూపుతుంది: రోజూ తప్పని ఒక కదలిక ఒకరోజు తప్పుతుంది. రొట్టె అంచు పగులు మూయకుండా పెంక మీద పడుతుంది. ఎందుకో చెప్పకపోయినా ప్రేక్షకుడు ముందుకు వంగుతాడు.

ఈ రోజులో బస్సు ప్రయాణానికి ప్రత్యేక స్థానం ఇవ్వాలి. తాండూరు, వికారాబాద్‌, పరిగి వైపు నుంచి మెహిదీపట్నం వెళ్లే బస్సులే ఈ ఊళ్లకు ఆధారం. పూలూ కూరగాయలూ గుడిమల్కాపూర్‌ మార్కెట్‌కు చేరేదీ ఆ దిక్కుకే. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఈ బస్సులలో ఒక కొత్త కదలిక పుట్టింది. కండక్టరు దగ్గరికి వచ్చే అలికిడి వినబడగానే, మాట ఆపకుండా, తల తిప్పకుండా, చిన్న పర్సులోంచి తీసిన ఆధార్‌ కార్డును భుజం ఎత్తుకు లేపి పట్టుకోవడం. ఆయన కార్డు వైపు ఓరగా చూసి యంత్రంలోంచి జీరో టికెట్‌ చించి ఇవ్వడం. ఆ టికెట్‌ కార్డుతోపాటే మడతపడి పర్సులోకి వెళ్లడం. అంతకుముందు ఇదే చేయి చీరకొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టేది. ప్రభుత్వ పథకం ఒకటి ఇంత తొందరగా కోట్ల చేతులకు అలవాటుగా మారిన వైనాన్ని గణాంకాలకన్నా ఆ ఎత్తిపట్టిన చేయి బాగా చెబుతుంది.

> కార్డు కనిపించాలి, అంకెలు కనిపించకూడదు
> ఆధార్‌ కార్డు ఎత్తిన దృశ్యాన్ని దగ్గరగా తీస్తే 12 అంకెల సంఖ్య స్పష్టంగా చదవగలిగేలా తెరపైకి వస్తుంది. వెనుక నుంచి తీయడం, ఫోకస్‌ను, అంటే స్పష్టతను, వేళ్ల మీదే నిలపడం, ఎడిటింగ్‌లో ఆ భాగాన్ని మసకబార్చడం తప్పనిసరి జాగ్రత్తలు. చిలుకూరు ప్రదక్షిణ కార్డుకు ఈ ఇబ్బంది లేదు. దానిపై పేరు ఉండదు, అంకెలు అందరివీ ఒకటే.

కెమెరా చేయవలసినది, చేయకూడనిది

పనులు మళ్లీ మళ్లీ జరుగుతాయన్నది ఇటువంటి చిత్రానికి దొరికిన వరం. పదో రొట్టె తొమ్మిదో రొట్టె లాగే తయారవుతుంది కాబట్టి, ఒకే కెమెరాతో మొదటి రొట్టెను దూరం నుంచి, రెండోదాన్ని పక్క నుంచి, మూడోదాన్ని పై నుంచి తీసి, ఎడిటింగ్‌లో మూడింటినీ కలిపి ఒకే రొట్టెగా చూపవచ్చు; ‘మళ్లీ ఒకసారి చేయమ్మా’ అని అడిగి పనిని ఆపవలసిన అవసరం రాదు. అలా అడిగిన మరుక్షణం చేయి నటించడం మొదలుపెడుతుంది. దీనికి విరుగుడుగా అనుభవజ్ఞులు మొదటి రెండు మూడు రోజులు కెమెరాను స్టాండుపై పెట్టి ఆన్‌ చేయకుండానే వదిలేస్తారు. ఇంట్లో అది కూడా ఒక సామాను అయిపోయాకే రికార్డింగ్‌ మొదలవుతుంది.

స్లోమోషన్‌, అంటే కదలికను అసలు వేగం కన్నా నెమ్మదిగా చూపే పద్ధతి, ఇక్కడ ప్రలోభం. వేళ్లు నీటిలో ఈదుతున్నట్టు కనిపిస్తాయి, అందంగానే ఉంటుంది. కాని పని చేసేవారి నేర్పు వేగంలో ఉంది, దాన్ని నెమ్మదింపజేయడం అంటే ఆ నేర్పును దాచడమే. వేణువు, సంతూర్‌ లాంటి నేపథ్య సంగీతానికీ ఇదే అభ్యంతరం. రొట్టె తట్టే దెబ్బలకు ఒక లయ ఉంది, పాలీహౌస్‌లో కాడ ఊడే ‘టప్‌’మన్న చప్పుడు ఉంది, బస్సులో టికెట్‌ యంత్రపు కిరకిర ఉంది. కెమెరాకున్న మైక్‌ వీటిని సరిగా పట్టలేదు కనుక పీట పక్కన, చేతికి దగ్గరగా విడిగా చిన్న రికార్డర్‌ పెట్టుకోవాలి. వంటింటి వెలుతురుకు తలుపును మించిన దీపం లేదు. ప్లాస్టిక్‌ పొర ఎండను వడకట్టి నీడలు లేకుండా పరుస్తుంది కాబట్టి పాలీహౌస్‌లో ఏ దీపమూ అక్కరలేదు. అయితే ఏసీ కారులోంచి దించిన కెమెరాను నేరుగా ఆ తేమలోకి తీసుకుపోతే కటకంపై ఆవిరి కమ్ముతుంది. పావుగంట సంచిలోనే ఉంచి బయటకు తీయడం మంచిది. ఇక డ్రోన్‌. ఈ చిత్రంలో దానికి పని లేదు.

అడగకుండా తీయకూడదు

పాలీహౌస్‌ యజమాని సరేనన్నంత మాత్రాన అందులో పని చేసేవారు సరేనన్నట్టు కాదు; యజమాని ఎదుట కూలీ ‘వద్దు’ అనలేని పరిస్థితి ఉంటుంది కాబట్టి ఆమె సమ్మతిని ఆమె ఇంటి దగ్గర, ఆమె తీరికలో, విడిగా తీసుకోవాలి. చిత్రం ఎక్కడెక్కడ చూపుతారో, ఫోన్లలో తిరుగుతుందో లేదో ముందే చెప్పాలి. చిత్రీకరణ వల్ల పని వేగం తగ్గితే ఆ రోజు కూలి తెగుతుంది. కనీసం ఆ నష్టం భర్తీ చేయకుండా శ్రమ గొప్పతనంపై చిత్రం తీయడం ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంట్లో కెమెరా పెట్టినప్పుడు ఎదురయ్యే చిక్కు వేరు: చుట్టాలు వచ్చినట్టే భావించి ఆమె కొత్త చీర కట్టుకుంటుంది, పొయ్యి చుట్టూ అలికి ముగ్గు పెడుతుంది, గ్యాస్‌ పొయ్యి ఉన్నా ‘సినిమాకు బాగుంటది’ అని కట్టెల పొయ్యి ముట్టిస్తుంది. ఈ ఏర్పాట్లను వారించడం కన్నా మొదటి రోజు అలాగే సాగనిచ్చి, మూడో రోజు నుంచి తీయడం మర్యాద. గ్యాస్‌ పొయ్యి మీద చేసే రొట్టెను గ్యాస్‌ పొయ్యి మీదే తీయాలి. లేని పాతదనాన్ని పులిమితే 2020ల నాటి చేవెళ్ల వంటిల్లు ఎలా ఉందో రేపటివారికి తెలియకుండా పోతుంది. గుడిలో తీసేటప్పుడు ఆలయవర్గాల అనుమతి, తోటి భక్తుల ముఖాలు పడకుండా జాగ్రత్త, గర్భగుడి వైపు కెమెరా తిప్పకపోవడం ఎలాగూ తప్పవు.

మొదటి ఆట ఎవరికి?

పూర్తయిన లఘుచిత్రానికి హైదరాబాద్‌లో వేదికల కొరత లేదు. రవీంద్రభారతిలోని పైడి జైరాజ్‌ ప్రివ్యూ థియేటర్‌లో భాషా సాంస్కృతిక శాఖ ‘సినివారం’ పేరిట శనివారాలు కొత్తవారి చిత్రాలను ప్రదర్శించింది. బంజారాహిల్స్‌లోని లామకాన్‌ వంటి చోట్ల చూసి, నిలదీసి అడిగే ప్రేక్షకులున్నారు. వాటికన్నా ముందు చిత్రంలోని మనిషికి, ఆమె ఇంటివారికి, తోటి పనివారికి చూపడం మేలు, అదీ ఎడిటింగ్‌ ముగియకముందు. నగర ప్రేక్షకుడు ఛాయాగ్రహణం బాగుందంటాడు. తోటి కూలీ మాత్రం రెండో నిమిషంలోనే ‘ఆ పువ్వు ఇంకా తయారు కాలేదు, ఎందుకు గుంజినవ్‌?’ అని పట్టేస్తుంది. ఎడిటింగ్‌లో అందం కోసం సాయంత్రపు పువ్వును పొద్దుటి దృశ్యంలో అతికించిన మోసం ఆ చూపు ముందు నిలవదు. ఆమె చెప్పిన తప్పులు సరిదిద్దడానికి రెండు రోజులు కేటాయించని ప్రణాళిక అసంపూర్ణం.

ఎడిటింగ్‌ చేయని ముడి చిత్రీకరణను సినిమావారు రష్‌ అంటారు. అందులో చిత్రంలోకి రాక మిగిలిపోయినదాన్ని సాధారణంగా హార్డ్‌డిస్క్‌ నిండగానే చెరిపేస్తారు. చేవెళ్ల, మొయినాబాద్‌ లాంటి చోట తీసిన రష్‌ను అలా పోగొట్టుకోకూడదు. పిండి తడపడం నుంచి చివరి రొట్టె గంపలో పడేదాకా కోత లేకుండా తీసిన దృశ్యం పది నిమిషాల చిత్రంలో ఇమడదు. అయినా దాన్ని ఊరి పేరు, మండలం, తేదీ, సమయం, ఏ పని, ఏ పంట అన్న వివరాలతో విడిగా దాచి, రెండు డిస్కులలో రెండు చోట్ల పెట్టి, ఒక నకలును పెన్‌డ్రైవ్‌లో ఆ ఇంటికి ఇచ్చే పనిని కూడా ప్రణాళికలో ఒక రోజుగా, దానికయ్యే ఖర్చుతో సహా, ముందే రాసుకోవాలి.